ఓడ రాని ఆదివారం

శుక్రవారం సాయంత్రం ఐదుగురం ఒకే కారులో.
ఒళ్ళో నూలు సంచులు, కాళ్ళ కింద నూలు సంచులు,
వెనకద్దంలో రోడ్డు కనబడకుండా నూలు సంచులు.
"రెండు రోజులకి ఇంత దేనికి?" అన్నాడు రైవో.
"చాలకపోతే ద్వీపంలో ఎవర్నడుగుతాం?" అంది విల్వె.

అంతా సాలెపోగంత సన్నటి తెల్ల నూలు.
అల్లిన శాలువా ఉంగరంలోంచి లాగితే
ఎక్కడా పట్టుకోకుండా దూరిపోవాలి,
అది లైదా మాకు పెట్టిన పరీక్ష.
ఎనభై ఒకటి ఆమెకి.
కళ్ళద్దాల మీద కళ్ళద్దాలు పెట్టుకుని
మా అల్లికలోకి వంగి చూస్తుంది,
బావిలో పడ్డ చెంబుని వెతుకుతున్నట్టు.

నాది టార్టులో మందుల షాపు ఉద్యోగం.
పగలంతా మాత్రలు, రాత్రంతా కుట్లు,
నిద్రలో కూడా ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంటానట.
రైవో సిటీ బస్సు నడుపుతాడు.
తుంటి విరిగి మంచాన పడ్డ చలికాలం
ఒక నర్సు అతని చేతికి సూదులిచ్చింది.
మేజోడు చక్కగా అల్లుతాడు,
రెండోదానికి మాత్రం మనసొప్పదు.
ఇంట్లో సొరుగు నిండా పంతొమ్మిది ఒంటి మేజోళ్ళు.
ఈవి గురించి ఏం చెప్పను,
ఆమే ఏమీ చెప్పదు.

హీయుమాలో అద్దెకి తీసుకున్న కర్ర ఇల్లు.
నవంబరు. నాలుగు కొట్టకముందే చీకటి.
శనివారం రై రొట్టె మీద ఉప్పుచేప,
పైకి లెక్కపెట్టొద్దని ఒకరి మీద ఒకరం కసుర్లు,
నా నూట పదో వరుసలో ఒక కన్ను జారింది.
"విప్పు" అంది లైదా.
ఎంతవరకు అని అడగలేదు నేను. ఏడుపొచ్చింది.

ఆదివారం రేవు నుంచి ఫోను, ఓడ రాదని.
తుఫానేం కాదు. గాలి సముద్రాన్ని అవతలికి నెట్టేసిందట,
ఒడ్డున నీళ్ళు తగ్గాయి, ఓడ అడుగు రాళ్ళకి తగులుతుందట.
"నీళ్ళు లేని సముద్రం!" రైవో పడీ పడీ నవ్వాడు.
"ఇది నేను బస్సులో చెబితే కొడతారు."

సాయంత్రానికి కరెంటు కూడా పోయింది.
ఒక్క కొవ్వొత్తి. ఆ వెలుగులో
మా తెల్ల నూలు కనపడదు, తగలదు, ఉందో లేదో తెలీదు.
సంచులు సంచులుగా పక్కనే ఉంది, ఎందుకూ పనికిరాదు.
ఖాళీ చేతులతో కూర్చున్నాం, పరాయింట్లో చుట్టాల్లా.

అప్పుడు విల్వె లేచి
ఒంటి మీది గోధుమరంగు స్వెట్టర్ తలమీంచి లాగేసింది.
లావు ఊలు. చీకట్లో వేళ్ళకి తెలిసేంత లావు.
"వద్దు" అన్నాం. మెడ దగ్గర కొస అప్పటికే దొరికింది ఆమెకి.

జరజరా ఊడుతోంది. ఊడుతున్నకొద్దీ చెబుతోంది.
మిల్లు మూసేసిన చలికాలం అల్లిందట.
ఇదిగో, ఇక్కడ వరుసలు బిగుసుకుపోయాయి చూడండి,
బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చిన వారం.
ఇక్కడ వదులు, అక్క వచ్చి నాలుగు రోజులుంది.
ఈ చంక కింద ఏం జరిగిందో గుర్తులేదు.
అంది, కాసేపు అక్కడే ఆగింది.

ఊలు జడ విప్పిన జుట్టులా వంకీలు వంకీలు.
కట్టెల పొయ్యి సౌనాలో కొక్కేలకి వేలాడదీసి
దానితోపాటు మేమూ ఆవిరిలో కూర్చున్నాం,
వంకీలు పోయేదాకా.
మా మీద వెచ్చగా గొర్రె వాసన.

తర్వాత కొవ్వొత్తి కూడా ఆర్పేశాం.
చీకట్లో ఐదు జతల సూదుల టకటక.
ఎక్కడ్నుంచో ఒక గొంతు, మొట్టమొదటిసారి:
"నా పోగులో బ్యాంకు ఉత్తరం వచ్చినట్టుంది,
ఎంత లాగినా సాగదు."
ఈవి!
లైదా నవ్వి నవ్వి దగ్గింది.

సోమవారం మధ్యాహ్నానికి సముద్రం తిరిగొచ్చింది.
ఓడ మెట్ల మీద విల్వె నా కోటు తొడుక్కుని వణుకుతోంది.
రైవో ఇరవయ్యో మేజోడు పూర్తి చేసి
లైదా ఒళ్ళో పెట్టాడు.
"రెండోది?"
"వచ్చే ఏడాది."
ఆమె బూటు విప్పి ఎడమ కాలికి తొడుక్కుంది,
కుడికాలి వంక ఒకసారి చూసి
బూటు తాడు కట్టుకుంది.